శిక్ష ముగిసినవాడికి పని ఎవరివ్వాలి?

నేరం చేసినవాడికి శిక్ష పడాలా, వద్దా? ఈ విషయంలో మనలో భిన్నాభిప్రాయం లేదు. పడాలి. న్యాయం ముందు ధనికుడూ పేదవాడూ, మనవాడూ పరాయివాడూ అన్న తేడా ఉండకూడదు. దీని గురించి జుమా ప్రసంగాల్లో, పత్రికల్లో కావలసినంత చెప్పుకున్నాం. అయితే శిక్ష పూర్తయిన మరునాటి ఉదయం సంగతేమిటి? న్యాయస్థానం విధించిన మూడేళ్ళో, ఏడేళ్ళో అనుభవించి ఒక మనిషి బయటికి వస్తాడు. ఆ ఉదయం నుంచి అతనికి మనం ఏమైనా బాకీపడి ఉన్నామా? లేక మన బాధ్యత జైలు గేటు దగ్గరే తీరిపోయిందా? ఈ ప్రశ్నకు మనం సూటిగా జవాబు చెప్పుకున్న సందర్భాలు చాలా తక్కువ.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. రాయలసీమలో పెద్ద శిక్షలు పడినవారిని ఎక్కువగా కడప కేంద్ర కారాగారానికి పంపుతారు. అక్కడ విడుదలైన కుప్పం మనిషి రాయచోటి దాటి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులు మారుతూ ఇల్లు చేరాలి. ఆ దారిలో ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక పని ఉంది. మదనపల్లెలో టమోటా మండీలున్నాయి, నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలున్నాయి. పుంగనూరు వైపు పాడి ఉంది. కుప్పంలో గ్రానైటు రాయి పని ఉంది, మల్బరీ తోటలున్నాయి, తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి కూలి చేసుకునేవారు ఎంతోమంది ఉన్నారు. పని లేక కాదు, అతనికి పని దొరకకపోవడానికి కారణం వేరే ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?

నిజం చెబితే పని పోతుంది. అబద్ధం చెబితే ఆ పని నిలిచినన్నాళ్ళూ అబద్ధం మీదనే నిలవాలి. ఎప్పుడో ఒకనాడు పాత ఊరివాడు ఒకడు అటు వచ్చి చెవిలో ఊదుతాడు. సత్యం పలకమని మనం బోధిస్తాం, సత్యం పలికినవాడికి వాకిలి మూస్తాం. అంటే అతన్ని అబద్ధంలోకి నెట్టింది ఎవరు? కాస్త ఆలోచించండి.

ఈలోగా ఒక మనిషి మాత్రం అతన్ని ఏమీ అడగడు. పాత ముఠా మనిషి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికించే మేస్త్రీ అయినా, మరో దొంగ వ్యాపారం చేసేవాడైనా, వాడికి ఈ మనిషి గతం అడ్డు కాదు, అదే వాడికి కావలసిన అర్హత. వకీలు ఖర్చులు తానే పెట్టానని గుర్తు చేస్తాడు, చేతిలో అడ్వాన్సు పెడతాడు. సజ్జనులందరూ వెనకాడిన చోట దుర్జనుడు ఒక్కడు చేయి చాపుతాడు. ఆ తర్వాత అతను మళ్ళీ పట్టుబడితే, చూశారా, కుక్క తోక వంకర అని మనమే అంటాం!

మరో సంగతి కూడా మరువకూడదు. మన దేశంలోని జైళ్ళలో ఉన్నవారంతా నేరం రుజువైనవారు కారు. జాతీయ నేర గణాంక సంస్థ 2022 లెక్కల ప్రకారం ఖైదీలలో నూటికి 75 మందికి పైగా విచారణలో ఉన్నవారే. వారిలో కొందరు నెలలూ, ఏళ్ళూ లోపల గడిపి, చివరికి నిర్దోషులుగా బయటపడతారు. కానీ ఊరి నోటికి ఈ తేడా తెలియదు. జైలుకెళ్ళొచ్చాడు అన్న ఒక్క మాటతో అందరినీ ఒకే గాట కట్టేస్తుంది.

బహిష్కరణకు కూడా గడువు ఉంది

హిజ్రీ 9వ ఏట తబూక్ యుద్ధయాత్రకు సరైన కారణం లేకుండా వెనుకబడిపోయిన ముగ్గురు సహాబీల వృత్తాంతం మనలో చాలామందికి తెలుసు. వారిలో ఒకరు హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి). ఆయన సాకులు చెప్పలేదు, తన తప్పు ఒప్పుకున్నారు. వారితో ఎవరూ మాట్లాడరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. మదీనా నగరం ఆయనకు పరాయిదైపోయింది. దగ్గరి బంధువు కూడా సలాముకు జవాబివ్వలేదు. ఇది ఎంత కఠినమైన శిక్షో ఊహించుకోండి.

కానీ దానికి ఒక గడువు ఉంది. యాభై రోజులు. యాభయ్యో రోజు ఫజ్ర్ వేళకు వారి పశ్చాత్తాపం స్వీకరించబడిందన్న శుభవార్త వచ్చింది. అప్పుడు జనం ఏం చేశారు? ఇంకా నాలుగు రోజులు చూద్దాం అనలేదు. ఒకరు గుర్రం మీద, ఒకరు కొండ ఎక్కి కేక వేస్తూ ఆ వార్త చేరవేయడానికి పోటీపడ్డారు. కఅబ్ (రజి) మస్జిదులోకి రాగానే హజ్రత్ తల్హా (రజి) లేచి పరుగున వెళ్ళి చేయి కలిపి అభినందించారు. ఆ చేయిని కఅబ్ (రజి) జీవితాంతం మరువలేదు. గడువు ముగిసిన శిక్షకూ, గడువే లేని శిక్షకూ ఉన్న తేడా ఇక్కడ చూడవచ్చు. మొదటిది న్యాయం. రెండోది విధించే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు.

మఖ్జూమ్ తెగకు చెందిన స్త్రీ దొంగతనం చేసిన ఉదంతాన్ని మన ప్రసంగకర్తలు తరచు చెబుతుంటారు. గొప్పింటి మనిషి కాబట్టి శిక్ష తప్పించమని ఖురైషీలు హజ్రత్ ఉసామా (రజి) చేత సిఫారసు చేయించడం, దైవప్రవక్త (స) ఆగ్రహించడం, తన సొంత కుమార్తె విషయంలోనైనా న్యాయం ఒకటేనని తేల్చి చెప్పడం, ఇవన్నీ మనకు కంఠస్థం. ఆ కథ సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. కానీ హదీసు అక్కడ ఆగలేదు. శిక్ష అమలైన తర్వాత ఆమె చక్కగా పశ్చాత్తాపపడిందనీ, వివాహం చేసుకుందనీ, తన దగ్గరకు వస్తూ ఉండేదనీ, ఆమె అవసరాలను తాను దైవప్రవక్త (స) దృష్టికి తీసుకువెళ్ళేదాన్ననీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఎంత చిన్న వివరం, ఎంత పెద్ద వెలుగు! శిక్ష అమలు చేసిన ఇల్లే ఆమె అవసరాలు వినే ఇల్లు కూడా అయింది. మనం మొదటి సగం మాత్రమే గుర్తుపెట్టుకోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను. మొదటి సగం ఇతరుల తప్పు గురించి, రెండో సగం మన బాధ్యత గురించి.

మద్యం సేవించి శిక్ష అనుభవించిన మనిషిని పక్కనున్నవారు శపిస్తే దైవప్రవక్త (స) వారించిన సంఘటన కూడా ఇలాంటిదే. మీ సోదరుడికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడకండి అన్నది ఆ బోధ సారాంశం. మనం సమాజం పేరుతో, జాగ్రత్త పేరుతో చేస్తున్నది చాలాసార్లు సరిగ్గా ఈ తోడ్పాటే.

నమ్మకం వేరు, జీవనోపాధి వేరు

ఇక్కడ ఒక దుకాణదారు అడుగుతాడు: అయ్యా, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ నా గల్లాపెట్టె సంగతేమిటి? నాకూ పిల్లలున్నారు. దొంగతనం కేసులో వెళ్ళొచ్చినవాణ్ణి తెచ్చి నా కౌంటరులో కూర్చోబెట్టమంటారా?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. నమ్మకం ఆజ్ఞాపిస్తే పుట్టేది కాదు. మన చట్టం కూడా ఈ హద్దును గుర్తించింది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారు పాత కేసుల గురించి నిజం చెప్పాలనీ, చిన్నవయసులో జరిగిన స్వల్ప నేరమైతే యజమాని దాన్ని క్షమించవచ్చనీ చెబుతూనే, నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చితీరాలని యజమానిని బలవంతపెట్టలేమని కూడా చెప్పింది. అంటే కోర్టు మన వాకిలి దాకా వచ్చి ఆగింది. లోపలి సంగతి మన అంతరాత్మకు వదిలింది.

మన ధర్మశాస్త్రవేత్తలు ఈ చిక్కుముడిని వెయ్యేళ్ళకు పూర్వమే చర్చించారు. శీలవతులపై అపనింద మోపి శిక్ష పొందినవాడి సాక్ష్యం ఇక స్వీకరించరాదని దివ్యఖుర్ఆన్ నూర్ సూరాలో ఆదేశం ఉంది. వెంటనే, పశ్చాత్తాపపడి సంస్కరించుకున్నవారికి మినహాయింపు కూడా ఉంది. ఆ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుంది? తౌబా చేసుకున్నాక అతని సాక్ష్యం మళ్ళీ చెల్లుతుందని ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మలై) అభిప్రాయపడ్డారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) మాత్రం పాపి అన్న ముద్ర తొలగిపోతుంది గాని, న్యాయస్థానంలో సాక్ష్యం మాత్రం చెల్లదన్నారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించేది ఈ కఠినమైన అభిప్రాయాన్ని చెప్పిన మజ్‌హబ్‌నే.

ఇప్పుడు గమనించండి. ఇంత కఠినంగా ఆలోచించిన ఇమామ్ సైతం ఆ మనిషి దుకాణం పెట్టుకోరాదనలేదు. పొలం దున్నరాదనలేదు, కూలికి పోరాదనలేదు, నమాజు పంక్తిలో పక్కన నిలబడరాదనలేదు. ఆయన మూసింది ఒక్క తలుపు. ఇతరుల హక్కులు ఒకరి నోటిమాట మీద ఆధారపడే చోట ఉన్న తలుపు. మనం మూస్తున్నవి ఎన్ని? అద్దె ఇల్లు, కూలి పని, చెల్లెలి పెళ్ళి సంబంధం, చివరికి టీ కొట్టు బెంచీ కూడా. డబ్బు కాజేసినవాడికి మొదటి రోజే గల్లాపెట్టె అప్పగించమని ఎవరూ అడగడం లేదు. తాగి బండి నడిపి ప్రాణం తీసినవాడికి స్టీరింగు ఇవ్వనక్కరలేదు. పసిపిల్లల పట్ల నేరం చేసినవాణ్ణి బడి దరిదాపులకు కూడా రానివ్వకూడదు. ఇవి జాగ్రత్తలు. కానీ టమోటా పెట్టెలు మోయడానికి, రాయి పాలిషు పట్టడానికి, మెకానిక్ షెడ్డులో నట్లు బిగించడానికి అంత గొప్ప సాక్ష్యార్హత ఎందుకు?

ఆ ఇమామ్ గారి జీవితంలోనే ఒక సంఘటన చెబుతారు. కూఫాలో ఆయన పొరుగున చెప్పులు కుట్టే యువకుడొకడు ఉండేవాడు. రాత్రిళ్ళు తాగి, తనను ఎవరూ పట్టించుకోలేదన్న అర్థం వచ్చే పాట ఒకటి పాడుతూ ఉండేవాడట. ఇమామ్ గారు నమాజులో ఉండగా ఆ గొంతు వినిపించేది. ఒక రాత్రి వినిపించలేదు. విచారిస్తే గస్తీ సిపాయిలు పట్టుకుపోయారని తెలిసింది. ఆయన స్వయంగా వాహనమెక్కి అమీరు దగ్గరకు వెళ్ళి విడిపించి తెచ్చారు. దారిలో, ఏమయ్యా, మేము నిన్ను పట్టించుకోలేదా అని అడిగారట. ఆ యువకుడు సిగ్గుపడి ఆ అలవాటు మానేశాడని గ్రంథకర్తలు రాశారు. పొరుగువాడి అల్లరికి నిద్ర చెడిపోయిన మనిషికి, ఆ గొంతు ఆగిపోతే హాయిగా ఉండాలి కదా! ఆయనకు మాత్రం వెలితిగా అనిపించింది.

బాధితుడి హక్కు

నష్టపోయినవాడి మాటేమిటి, అందరూ నేరస్థుడి గురించే మాట్లాడితే ఎలా అని మరొకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దాసుల హక్కులు కేవలం నోటి తౌబాతో తీరవు. దొంగిలించినది తిరిగివ్వాలి, గాయపరచినవాణ్ణి క్షమాపణ కోరాలి, నష్టం పూడ్చాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. కానీ దేనితో పూడుస్తాడు? చేతిలో కూలి డబ్బు లేనివాడు ఎవరి బాకీ తీర్చగలడు? అతనికి పని నిరాకరించినప్పుడు నష్టపోయేది అతనొక్కడే కాదు, అతనివల్ల నష్టపోయినవాడు రెండోసారి నష్టపోతున్నాడు. అతని భార్యాబిడ్డలు ఏ నేరమూ చేయకుండానే శిక్ష అనుభవిస్తున్నారు. ఈ కోణం మన చర్చల్లో దాదాపు కనిపించదు.

గొడ్డలి కథ

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ముందు మారినట్టు చూపించు, ఆ తర్వాత పని ఇస్తాం అంటాం మనం. మారాడని తెలిసేది ఎలా? రోజూ వేళకు వచ్చి, చెప్పిన పని చేసి, ఇచ్చిన కూలి తీసుకుని ఇంటికి పోతే తెలుస్తుంది. అంటే పని ఇస్తేనే తెలుస్తుంది. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తెంచాలి.

అన్సారీ సహాబీ ఒకరు యాచించడానికి వచ్చిన వృత్తాంతం హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. దాని పరంపర గురించి హదీసువేత్తల మధ్య చర్చ ఉన్నప్పటికీ, పండితులు దాన్ని శ్రమ గౌరవానికి ఉదాహరణగా చెబుతూ వచ్చారు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏముందని అడిగి, ఉన్న కంబళిని, గిన్నెను తెప్పించి, వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండోదానితో గొడ్డలి. ఆ గొడ్డలికి తన స్వహస్తాలతో పిడి బిగించారు. కట్టెలు కొట్టి అమ్ముకొమ్మనీ, పదిహేను రోజులు కనిపించవద్దనీ చెప్పారు. అతను పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చాడు.

ఆ మనిషి ఖైదీ కాడు, నిజమే. కానీ ఈ ఏర్పాటును జాగ్రత్తగా చూడండి. ముందు ఇంట్లో తిండి, వెంటనే పనిముట్టు, ఒక చిన్న గడువు, గడువు చివర మళ్ళీ కలుసుకోవడం. ఇంతకంటే ముఖ్యంగా, పిడి బిగించిన చేయి. జైలు నుంచి వచ్చినవారికి ఈనాడు ప్రపంచంలో అక్కడక్కడా నడుస్తున్న తాత్కాలిక ఉపాధి పథకాలు ఇంచుమించు ఈ రూపంలోనే ఉన్నాయి. న్యూయార్క్‌లో సెంటర్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీస్ అనే సంస్థ విడుదలైనవారికి ఊడ్చడం, శుభ్రం చేయడం, మరమ్మతుల వంటి పనులు కొద్ది నెలలపాటు ఇచ్చి, ఏ రోజు కూలి ఆ రోజే చెల్లించేది. వారంలో ఒక రోజు శాశ్వతమైన పని వెతకడంలో సాయం చేసేది. 2004, 2005లలో 977 మందిని తీసుకుని పరిశోధకులు ఈ పథకాన్ని నిశితంగా పరీక్షించారు.

ఫలితం ఆలోచింపజేసేది. తాత్కాలిక పని ముగిశాక ఉద్యోగాల విషయంలో పెద్ద తేడా మిగలలేదు. అంటే పథకం మంత్రదండం కాదు. కానీ మళ్ళీ నేరంలో పడటం, మళ్ళీ జైలుకు పోవడం మాత్రం తగ్గింది. ఎవరిలో ఎక్కువగా తగ్గింది? విడుదలైన మూడు నెలల లోపే పనిలో చేరినవారిలో. ఆలస్యంగా వచ్చినవారికి ఆ మేలు అంతగా దక్కలేదు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటే: మొదటి నెలల్లో అతని దగ్గరకు ఎవరు ముందు చేరతారన్నదే ప్రశ్న. మనం చేరతామా, మేస్త్రీ చేరతాడా?

మన దగ్గర కూడా ప్రయత్నాలు లేకపోలేదు. జస్టిస్ ముల్లా అధ్యక్షతన జైళ్ళ సంస్కరణల కమిటీ 1983లో ఇచ్చిన నివేదికలో విడుదలానంతర సంరక్షణ గురించి గట్టిగా సిఫారసు చేసింది. అది చాలాభాగం కాగితం మీదనే ఉండిపోయింది. ఆచరణలో కనిపించేవి జైళ్ళశాఖ నడిపే పెట్రోలు బంకులు. హైదరాబాదులో చంచల్‌గూడ జైలు దగ్గర బంకులో ఖైదీలే పెట్రోలు పోసి, డబ్బులు లెక్కపెట్టి తీసుకుంటారు. 2014 తర్వాత తెలంగాణ జైళ్ళశాఖ విడుదలైనవారికి కూడా ఇలాంటి చోట్ల పని కల్పించింది. రోజూ అక్కడ వాహనం ఆపి వారి చేతికి నోట్లు ఇచ్చి చిల్లర తీసుకుని వెళ్ళే పెద్దమనుషులు, అదే మనిషి తమ దుకాణానికి పని అడగడానికి వస్తే మాత్రం లోపలికి రానివ్వరు! జైలు యూనిఫారం తీసేశాక మనిషి మీద అనుమానం పెరగడం విచిత్రం కాదా?

ముద్ర తీయకుండా పని ఇస్తే

అయితే ఏ పనైనా ఇస్తే చాలు అనుకోవడం కూడా పొరపాటే. దీనికి తెలుగునాట ఒక చేదు ఉదాహరణ ఉంది. ఆంగ్ల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. దాని కింద కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులైపోయారు. మద్రాసు రాష్ట్రంలో ఎరుకల కుటుంబాలను గుంటూరు జిల్లా బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఒకచోట ఉంచారు. సర్ హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు మీద ఆ ఊరు స్టువర్టుపురం అయింది. వారికి పొలాలిచ్చారు, చీరాల పొగాకు కంపెనీలో పనులిచ్చారు. కానీ హాజరు పట్టీ తీయలేదు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. పని ఉంది, మనిషి మాత్రం అనుమానితుడే. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర పోలేదు. ఆ ఊరి పేరును దొంగతనానికి మారుపేరుగా మన సినిమాలు నిన్నమొన్నటిదాకా వాడుకున్నాయి. నేరం ఎరుగని ఆ ఊరి పిల్లలు బయట తమ ఊరి పేరు చెప్పుకోలేని స్థితి తెచ్చింది చట్టం కాదు, మన నోరు.

1970ల నుంచి ఆ ఊరివారి మధ్య తిరిగి, వారిని నమ్మి, పోలీసులతో మాట్లాడి, సాధారణ జీవితంలోకి తీసుకురావడానికి పాటుపడినవారిలో లవణం, హేమలతా లవణం దంపతులు ముఖ్యులు. వారు విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందినవారు. దేవుణ్ణి నమ్మనివారు ఈ పని చేశారని చెప్పడానికి మనం సంకోచించనక్కరలేదు. దేవుణ్ణి నమ్మేవాళ్ళం ఎందుకు చేయలేదన్నదే మనల్ని నిలదీయవలసిన ప్రశ్న.

బెంగుళూరు పోతే సరిపోతుందా?

మన ఊళ్ళలో ఇలాంటి మనిషికి పెద్దలు ఇచ్చే సలహా ఒకటుంది. ఇక్కడెందుకు, బెంగుళూరు పోయి ఏదైనా పని చూసుకో, అక్కడ నిన్నెవరూ గుర్తుపట్టరు. కుప్పం నుంచి రైలెక్కితే కొద్ది గంటల్లో బెంగుళూరు. సలహా ఇచ్చినవాడికి భారం దిగిపోతుంది.

తొంభై తొమ్మిది హత్యలు చేసిన మనిషి వృత్తాంతాన్ని దీనికి ఆధారంగా చూపేవారు కూడా ఉన్నారు. ఆ హంతకుడు పశ్చాత్తాపానికి దారి ఉందా అని అడిగితే, లేదన్న సన్యాసిని కూడా చంపి నూరు పూర్తి చేశాడు. తర్వాత ఒక జ్ఞాని ఉందని చెప్పి, నీ ఊరు మంచిది కాదు, ఫలానా ఊరికి వెళ్ళు అన్న సలహా ఇచ్చాడు. కానీ ఆ జ్ఞాని ఎవరూ గుర్తుపట్టని ఊరికి పంపలేదు. దైవాన్ని ఆరాధించే సజ్జనులున్న ఊరికి, వారితో కలిసి ఉండటానికి పంపాడు. అజ్ఞాతంలోకి పంపడం వేరు, మంచివారి మధ్యకు పంపడం వేరు. బెంగుళూరులో గుర్తుతెలియని గుంపులో అతనికి మొదట పరిచయమయ్యేవారు ఎవరో చెప్పలేం. నిజానికి మన మొహల్లాయే ఆ సజ్జనుల ఊరు కావాలి. కాలేదంటే ఆ లోపం అతనిది కాదు.

పూచీ ఎవరిది?

ఒక్క చిన్న దుకాణదారు మీద ఈ బరువంతా మోపడం కూడా న్యాయం కాదు. పంక్చరు షాపు నడుపుకునేవాడు, చిన్న బేకరీ నడిపేవాడు పదివేలు నష్టపోతే కోలుకోలేడు. దీనికి మన ధర్మశాస్త్రంలోనే ఉపాయం ఉంది. కఫాలా, అంటే పూచీకత్తు. ఒకరి తరఫున మరొకరు జామీను నిలబడటం. రెండు దీనార్ల అప్పుతో మరణించిన వ్యక్తి జనాజా నమాజు ఆగిపోయినప్పుడు, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చి ఆ అప్పు తన మీద వేసుకున్నారు. చనిపోయినవాడికి పూచీపడిన సమాజం, బతకాలని చూస్తున్నవాడికి పూచీపడలేదా?

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో ఒక మస్జిద్ కమిటీ ఈ పని మొదలుపెట్టాలంటే పెద్ద సంస్థ అక్కరలేదు. పనివాడు నష్టం చేస్తే ఫలానా మొత్తం వరకు కమిటీ భరిస్తుందని యజమానికి రాసిచ్చే నలుగురు కావాలి. అందుకు పక్కన పెట్టిన సదఖా సొమ్ము కొంత కావాలి. పేదవారిగా, అప్పులపాలైనవారిగా జకాత్‌కు అర్హులైతే, విడుదలైనవారి కుటుంబానికి తొలి నెల తిండి, పనిముట్లు అందులోనుంచి ఇవ్వవచ్చు. కాని నెలనెలా కవరులో డబ్బు పెట్టి ఇవ్వడం కంటే గొడ్డలి కొనివ్వడం మేలు. యజమానికి నిజం చెప్పాలి, ఏ కేసు, ఎంత శిక్ష అన్నది దాచకూడదు. అతనికి చెప్పిన మాట అతని దగ్గరే ఆగాలి. మస్జిదు వసారాలో అది చర్చనీయాంశం కారాదు. మూడు నెలలు గడువు పెట్టుకోవాలి. కూలి ఏ రోజుది ఆ రోజే, సాయంత్రానికి చేతిలో పెట్టాలి. ఈ సాయానికి అతను మన మతంవాడా కాదా అన్న విచారణ ఉండకూడదు, సదఖాకు ఆ హద్దు లేదు. స్త్రీలు విడుదలై వస్తే వారి పరిస్థితి మరీ దయనీయం. పుట్టింటివారూ అత్తింటివారూ ఇద్దరూ వదిలేస్తారు. వారి బాధ్యతను మొహల్లాలోని సోదరీమణులు తీసుకోవాలి.

పథకాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. విడుదలై ఊరు చేరాక కాదు. యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) కారాగారంలో ఉండగా, తనతో పాటు ఉండి విడుదలవుతున్న మనిషితో, నీ యజమాని దగ్గర నా ప్రస్తావన తెమ్మని కోరారు. అతను బయటికి పోయాక మరిచిపోయాడు. ఫలితంగా ఆ మహనీయుడు మరికొన్ని సంవత్సరాలు లోపలే ఉండవలసి వచ్చింది. చివరికి రాజు పిలిపించినప్పుడు కూడా ఆయన వెంటనే బయటికి రాలేదు. ముందు తన మీద పడిన నింద సంగతి విచారించమన్నారు. నింద తొలగిన తర్వాత ఆయన రాజును కోరింది విశ్రాంతి కాదు, బహుమానం కాదు, పని. దేశ ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమన్నారు. రాజు అప్పగించాడు.

కాబట్టి కడపలోనో చిత్తూరులోనో మన ఊరివాళ్ళు ఎవరున్నారో, ఎవరి విడుదల ఎప్పుడో కమిటీలోని ఒకరు ఇప్పుడే వారి ఇంటికి వెళ్ళి తెలుసుకోవాలి. ఆ తేదీకి నెల రోజుల ముందే యజమానితో మాట్లాడి ఉంచాలి. విడుదల రోజున ఇద్దరు వెళ్ళి గేటు దగ్గర నిలబడాలి, మేస్త్రీ కంటే ముందుగా.